ఓపెన్ సోర్స్ పద్ధతిలో క్లాసు నడపడం కుదురుతుందా? (ల్యాబ్ రికార్డులో 45 గోల)

సీ_ల్యాబ్_మాస్టారు · విజయవాడ

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగైంది, టీ తాగుతూ చదవండి.

నేను విజయవాడకీ గుంటూరుకీ మధ్యలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ వాళ్ళకి సీ ప్రోగ్రామింగ్ చెప్తా, ల్యాబ్ కూడా నేనే చూస్తా. పోయిన నెల ఇంటర్నల్స్ ముందు రికార్డులు దిద్దుతున్నా. దిద్దడం అంటే మన లైన్లో ఉన్నోళ్ళకి తెలిసిందే, అరవై రికార్డులు బల్ల మీద పేర్చి ఉంటాయి, ఎర్ర పెన్ను పట్టుకుని పేజీ తిప్పు, సంతకం పెట్టు, పేజీ తిప్పు, సంతకం పెట్టు. ఆ రోజు కరెంటు పోయింది, ఫ్యాన్ లేదు, ఉక్కపోతకి చెయ్యి ఆగిపోయి ఖర్మ కాలి ఒక రికార్డు నిజంగా చదివాను. మూడో ప్రోగ్రాం, 1 నుంచి 10 దాకా అంకెల మొత్తం. కింద ఔట్‌పుట్ 45 అని రాసి చుట్టూ స్కేలుతో నీట్‌గా బాక్స్ కూడా కొట్టాడు. 55 కదండీ రావాల్సింది! పైకెళ్ళి చూస్తే ఫర్ లూప్‌లో ‘ఐ లెస్ దేన్ ఎన్’ అని ఉంది, పక్కన ఈక్వల్ టు లేదు, లూప్ 9 దగ్గరే ఆగిపోయింది. సరే పిల్లాడు పొరపాటు పడ్డాడులే అని పక్క రికార్డు తీశా. 45. దాని కిందది 45. అరవైకి అరవై, మక్కికి మక్కి, 45.

అక్కడితో ఊరుకుంటే బావుండేది. బీరువాలో మూడేళ్ళ కిందటి బ్యాచ్‌వి కొన్ని ఉంటే దులిపి తీశా, వాటిల్లోనూ అదే. ఆరా తీస్తే గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో ‘సీ ల్యాబ్ సెట్టు’ అని 80 రూపాయలకి అమ్ముతారట, ఏ సీనియర్ రాసిందో తెలీదు, ఏటేటా దాన్నే వేస్తున్నారు. ఇంకో సంగతి, ఆ ప్రోగ్రాం పైన పాత టర్బో సీ కంపైలర్ కాలం నాటి కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్ లైను అలాగే ఉన్నాయి. మా ల్యాబ్‌లో ఉన్నది ఉబుంటు లైనక్స్, జీసీసీ కంపైలర్. కోనియో ఉంటే అక్కడ ప్రోగ్రాం అసలు కంపైలే అవ్వదు. అంటే ఇన్నేళ్ళుగా దాన్ని ఒక్కడూ రన్ చెయ్యలేదన్నమాట. చేయించాల్సిన వాణ్ణి నేను, అన్నిటి మీదా ఉన్నది నా సంతకమే. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు.

అప్పట్నుంచీ బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనపడేలా, ఎవరైనా దిద్దేలా ఉంచడం) అనగానే మనోళ్ళకి గుర్తొచ్చేది ‘ఫ్రీగా వస్తుంది’ అని. ఫ్రీగా రావడమే అయితే మన చదువులు ఎప్పుడో ఓపెన్ అయిపోయాయి కదా, నోట్సులు, పీడీఎఫ్‌లు, జిరాక్సులు, ఎవడూ ఎవణ్ణీ పర్మిషన్ అడగడు. లేనిదల్లా వెనక్కి వెళ్ళే దారి. ఏదో ఒక ఏడాది ఒక తెలివైన పిల్ల ఆ 45 చూసి తన రికార్డులో 55 అని దిద్దుకునే ఉంటుంది, ఆ దిద్దుబాటు ఆ రికార్డుతో పాటే వాళ్ళింట్లో అటకెక్కింది, జిరాక్స్ షాపులో మాస్టర్ కాపీ మాత్రం 45 తోనే ఉండిపోయింది. లైనక్స్‌లో అలా జరగదు కదా. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో ఒక స్టూడెంటు, నేనో ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నా మీకేం కావాలో చెప్పండి అని న్యూస్‌గ్రూపులో అడిగాడు, అప్పట్నుంచీ తప్పు కనపడ్డవాడు ప్యాచ్, అంటే దిద్దుబాటు, పంపడం, ఇంకొకళ్ళు చదవడం, బాగుంటే అసలు దాంట్లో కలపడం, కలిపింది మళ్ళీ అందరికీ చేరడం. అది మన క్లాసులో లేదు.

అందుకని వచ్చే సెమిస్టర్ నుంచి నా ల్యాబ్ మాన్యువల్, యూనిట్ నోట్స్, క్వశ్చన్ బ్యాంక్ మొత్తం గిట్‌హబ్‌లో (కోడ్‌నీ, దాని మార్పుల చరిత్రనీ దాచే వెబ్‌సైట్) పెట్టేసి, పిల్లలు తప్పులు పట్టి పంపితే ఇద్దరు క్లాస్‌మేట్స్ రివ్యూ చేసి, నేను చివర్లో చూసి మెర్జ్ చేసేలా, అంటే అసలు దాంట్లో కలిపేలా, పెడదామని ఆలోచన. మా హెచ్‌ఓడీ గారు ‘సిలబస్ యూనివర్సిటీది, పేపర్ యూనివర్సిటీది, మధ్యలో నీ గోలేంటయ్యా’ అన్నారు. ఆయన అన్నదాంట్లోనూ తప్పేం లేదు. మార్కులు దీనికి ఎలా ముడిపెట్టాలి, అసలు పెట్టాలా వద్దా, అందరూ ఒకడిదే కాపీ కొట్టి పంపితే ఏం చెయ్యాలి? ఎవరైనా చేసి చూసినోళ్ళు ఉంటే చెప్పండి. ఐడియా బాగుంది సార్ అని మాత్రం వద్దు, అది స్టాఫ్ రూంలో బోలెడు విన్నా.

---

ప్యాచ్_పంపు · గుంటూరు, బ్రాడీపేట

సార్ నమస్తే. 45 గోల చదివి ఇంట్లో పగలబడి నవ్వా, తర్వాత నా బీటెక్ రికార్డు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

నేను వర్క్ ఫ్రం హోం, పగలు కంపెనీ పని, రాత్రిళ్ళు రెండు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చిన్నాచితకా ప్యాచ్‌లు. మీరడిగిన మార్కుల సంగతి ముందు చెప్తా ఎందుకంటే మునిగేది అక్కడే. ఎన్ని పంపితే అన్ని మార్కులు అని మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. 2020 అక్టోబర్‌లో ఏం జరిగిందో గుర్తుంటే... హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఏటా ఒక కార్యక్రమం ఉంటుంది, ఇన్ని పుల్ రిక్వెస్టులు (నా మార్పు కలుపుకోండి అని పంపేవి) పంపితే అప్పట్లో టీషర్ట్ ఇచ్చేవారు. ఆ ఏడాది టీషర్ట్ కోసం జనం ఎగబడి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక పదం చేర్చి ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని పంపడం మొదలెట్టారు, ఎలా పంపాలో యూట్యూబ్ వీడియో చూసి మరీ. పాపం ఆ ప్రాజెక్టులు చూసుకునే మెయింటెయినర్లు చెత్త ఊడ్చుకోలేక గగ్గోలు పెడితే నెల మొదటి వారంలోనే రూల్ మార్చి, ఇష్టపడి చేరిన రిపోలే (ప్రాజెక్టు ఫోల్డర్లే) లెక్క అన్నారు. అందులో మనవాళ్ళ చెయ్యి ఎంతుందో వేరే చెప్పక్కర్లేదు. మొన్న 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ప్రాజెక్టు రిపోకి కూడా అదే తిప్పలు, ఏదో ట్యుటోరియల్ వీడియోలో రీడ్‌మీలో పేరు చేర్చి చూపించారని వందల మంది కుర్రాళ్ళు వెళ్ళి తమ పేర్లు చేర్చి అసలు ప్రాజెక్టుకే పంపేశారు. టీషర్ట్‌కే అంత జరిగితే ఇంటర్నల్ మార్కులకి ఇంకెంత జరుగుతుందో ఆలోచించండి.

లెక్క పెట్టకుండా పేరు మాత్రం పెట్టండి సార్. లైనక్స్ కెర్నల్‌లో ప్యాచ్ రాసినోడి పేరు ఒక్కటే ఉండదు, కింద ‘రిపోర్టెడ్ బై’, ‘రివ్యూడ్ బై’, ‘టెస్టెడ్ బై’ అని లైన్లు ఉంటాయి. ఒక్క లైను కోడ్ రాయకుండా తప్పు చూపించిన మనిషి పేరు కూడా చరిత్రలో ఉండిపోతుంది. మన క్లాసులో ప్రోగ్రాం రానోడు కూడా ‘సార్ ఇక్కడ 45 ఏంటి’ అని అడగగలడు కదా, వాడికీ ఓ లైను దక్కాలి. నా లెక్కలో మీ ఐడియాలో సగం విలువ ఇదే.

రెండోది మీ ఓపిక. అరవై మంది తలా ఐదు పంపితే మూడు వందలు. మీరొక్కరే చూడాలంటే సెమిస్టర్ అయ్యేలోపు మీరు ఆస్పత్రిలో ఉంటారు. లైనక్స్ మొదలెట్టిన లైనస్ కూడా అన్నీ చదవడు, మెయింటెయినర్స్ అని ఒక ఫైలే ఉంది, ఏ డ్రైవర్‌కి ఎవరు, ఏ ఫైల్ సిస్టంకి ఎవరు అని, వాళ్ళు చూసి పైకి పంపితేనే ఆయన తీసుకుంటాడు. సెకండియర్ వాళ్ళలో యూనిట్‌కి ఇద్దర్ని కూర్చోబెట్టండి. పోయినేడాది అదే సబ్జెక్ట్ చదివారు, ఎక్కడ తికమక పడతారో మీకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

నా సంగతి ఒకటి. నా మొదటి ప్యాచ్ డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం సరిచెయ్యడం, అంతే. కలవడానికి మూడు వారాలు పట్టింది. నాలుగు సార్లు వెనక్కి పంపాడు ఆయన, మొదటిసారి కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే నోట్) ఏం చేశావో రాశావు ఎందుకు చేశావో రాయలేదని, రెండోసారి లైను పొడుగైందని, అలా. ఎక్కడో ఉండే మనిషి, నా మొహం కూడా తెలీదు. నాలుగేళ్ళ బీటెక్‌లో నేను రాసినదాన్ని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఒక్కరూ లేరు సార్, మీరేమీ అనుకోకండి.

---

లెక్కల_టీచరమ్మ · గుంటూరు జిల్లా

మాస్టారూ, మాది జడ్పీ హైస్కూలండీ, గిట్లు గిట్‌హబ్‌లు మాకు లేవు, ఉన్న కంప్యూటర్లలో రెండు పనిచేస్తే పండగ. కానీ మీరు చెప్పేది మేం పురికొసతో చేశాం.

ఎనిమిదో తరగతిలో కిటికీ ఊచకి పురికొసతో ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కట్టాను. పేరు తప్పుల పుస్తకం. నా బోర్డు మీద గానీ, నేనిచ్చిన నోట్సులో గానీ, ఎవరి హోంవర్కులో గానీ తప్పు కనపడితే అందులో రాయాలి: తేదీ, ఏది తప్పు, ఏది ఒప్పు, ఎందుకు, ఎవరు చూశారు. ఇంకో ఇద్దరు లెక్క మళ్ళీ చేసి చూసి పక్కన సంతకం పెట్టాలి. ఆఖర్న నేను. పేజీ చింపకూడదు, కొట్టేస్తే ఒక్క గీతతో కొట్టెయ్యాలి, కింద ఉన్నది కనపడాలి. ఈ చివరి రూలు నేను పెట్టింది కాదు, ఒక పిల్ల పెట్టింది, వాళ్ళ నాన్న గుమాస్తా, ఖాతా పుస్తకంలో వైట్‌నర్ పెట్టకూడదని ఇంట్లో విన్నదట!

మొదటి వారం ఒక్కరూ రాయలేదండీ. టీచర్ తప్పు రాస్తే ఏమంటుందో అని. నేనే బోర్డు మీద కావాలని మైనస్ గుర్తు మింగేసి రెండ్రోజులు చూశా, గుసగుసలాడుకున్నారు గానీ లేవలేదు. మూడో రోజు నా తప్పు నేనే పుస్తకంలో రాసి ‘చూసినవారు: టీచర్’ అని పెట్టా. ఆ తర్వాత తూము తెగింది. నెలలో పద్దెనిమిది పేజీలు నిండాయి, అందులో సగం చేతిరాత బాలేదనే కంప్లయింట్లు లెండి, అది వేరే సంగతి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. 1 ప్రధాన సంఖ్య అని ఒకబ్బాయి రాశాడు, ‘1 తోనూ దానితోనూ మాత్రమే భాగించబడుతుంది కాబట్టి’ అని కారణం కూడా రాశాడు, టీచర్ కాదన్నది తప్పు అని. ఇద్దరు సంతకం పెట్టేశారు కూడా. నేను ఏమీ అనలేదు. రెండ్రోజుల తర్వాత వెనక బెంచీ పిల్ల కింద రాసింది: ‘ప్రధాన సంఖ్యకి రెండు వేర్వేరు కారణాంకాలు ఉండాలి, 1 కి ఒకటే ఉంది.’ ఆ అబ్బాయి వచ్చి తను రాసినదాన్ని తనే ఒక్క గీతతో కొట్టేశాడు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను బోర్డు మీద పదిసార్లు చెప్పినా అంత గట్టిగా ఎక్కేది కాదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. ఒక పేరెంట్ వచ్చి ‘టీచరమ్మకే లెక్కలు రావంట, పిల్లలు దిద్దుతున్నారంట’ అని హెడ్‌మాస్టారి గదిలో పెద్ద పంచాయితీ పెట్టారు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో చెప్తే నలుగురు నవ్వారు, ఒకావిడ మాత్రం పురికొస ఎంత పొడుగుండాలి అని అడిగింది, ఆవిడ పెట్టింది కూడా. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు దగ్గర పడితే పుస్తకం ఎవరూ ముట్టుకోరు, నేను కూడా, పోర్షన్ అవ్వాలిగా.

పై తరగతి పిల్లలకైతే తెలుగు వికీపీడియా చూపించండి. మా తొమ్మిదో తరగతి అబ్బాయి మా ఊరి పేజీలో చెరువు సంగతి లేదని నా ఫోన్లోంచే నాలుగు వాక్యాలు చేర్చాడు. మర్నాటికి ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయన అక్షరదోషం సరిచేసి ‘దీనికి ఆధారం ఏమిటి’ అని చర్చ పేజీలో అడిగారు. ఆధారం అనే మాట వాడు మొదటిసారి విన్నాడండీ. చెరువుకి ఆధారం ఏంటి టీచర్, చెరువే ఉందిగా అన్నాడు. దాని మీదే ఒక పీరియడ్ మొత్తం అయిపోయింది.

---

బ్యాక్‌బెంచ్_బెజవాడ · విజయవాడ

సార్ నేను థర్డ్ ఇయర్, మీ కాలేజీ కాదు గానీ మీ 45 మా కాలేజీలో కూడా ఉండే ఉంటుంది 😀 నిజం చెప్పనా తిట్టకూడదు

రికార్డు మేం చదువుతూ రాయం సార్, సినిమా పెట్టుకుని రాస్తాం, చెయ్యి రాస్తా ఉంటది కళ్ళు ఫోన్లో ఉంటాయ్, 45 అని ఉంటే 45 అని పడతది 4500 ఉన్నా అదే పడతది. మీరు గిట్‌హబ్ పెట్టినా మొదటి వారం ఇద్దరు టాపర్లు మొత్తం తప్పులు పట్టేసి పంపేస్తారు, మిగతా 58 మందికి పట్టడానికి తప్పులే మిగలవు, అప్పుడు ఏం చేస్తాం, మేమే తప్పులు తయారుచేసి మేమే పట్టుకుంటాం. నవ్వకండి నిజంగా చేస్తాం. కమిట్లు ఎక్కువ కనపడాలని ఒక్కో స్పేస్ తీసి ఒక్కో కమిట్ కొట్టేవాడు మా రూంలోనే ఉన్నాడు, గిట్‌హబ్ ప్రొఫైల్ పచ్చగా ఉంటే ప్లేస్‌మెంట్ వస్తదని ఎవరో చెప్పారంట.

ఇంకోటి సార్, పబ్లిక్‌గా పెట్టాలంటే భయం. తప్పు ఇంగ్లీషులో రాస్తే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతారు, సంవత్సరమంతా అదే పేరు పెట్టి పిలుస్తారు. తెలుగులో రాయొచ్చు అని మీరు ముందే చెప్తే చాలామంది వస్తారు. మా మినీ ప్రాజెక్టులో నలుగురం, పని చేసింది ఒక్కడు (నేను కాదు), రివ్యూలో నలుగురికీ ఒకే మార్కులు. అక్కడ గిట్ ఉండి ఉంటే ఎవడేం చేశాడో సార్‌కి తెలిసిపోయేది, నాకు నష్టమే గానీ న్యాయం అదే కదా.

టీచరమ్మ గారి పురికొస మాత్రం సూపర్ మేడమ్. మా క్లాసులో కడితే పురికొస కూడా పట్టుకుపోతారు

---

పాత_ఫిజిక్స్ · విజయవాడ, సత్యనారాయణపురం

ఉద్యోగం నుంచి దిగి తొమ్మిదేళ్ళయింది నాయనా, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. అందరూ మెచ్చుకుంటున్నారు కనుక నేను కాస్త అడ్డం పడతాను.

ఓపెన్ సోర్స్‌లోకి వచ్చేవాడు తన ఇష్టంతో వస్తాడు, నచ్చకపోతే పోతాడు. మన క్లాసులో కూర్చున్నవాడు హాజరు 75 శాతం కోసం కూర్చున్నాడు. స్వచ్ఛందంగా జరిగేదాన్ని తెచ్చి నిర్బంధంలో పెడితే అది ఇంకో రికార్డు అవుతుంది, కాగితం బదులు తెర మీద. ఆ బ్యాక్‌బెంచ్ అబ్బాయి వేళాకోళంగా చెప్పినా చెప్పింది అదే. అరవై మందీ చెయ్యాలని పట్టుబట్టకు. పదిమంది వస్తే పది.

రెండు, నలుగురూ చూస్తే తప్పు దానంతట అదే బయటపడుతుందనే నమ్మకం కూడా పెట్టుకోకు. వెబ్‌సైట్లకి భద్రత ఇచ్చే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం 2012లో విడుదలైన వెర్షన్‌తో వచ్చి 2014 ఏప్రిల్ దాకా లోకానికి తెలియలేదు, ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లు దాని మీదే నడుస్తున్నా సరే. జావా లైబ్రరీలో బైనరీ సెర్చ్ (వరసలో పేర్చినవాటిని సగానికి సగం చేస్తూ వెతికే పద్ధతి) తప్పు దాదాపు తొమ్మిదేళ్ళు ఉంది, రాసిన మనిషే 2006లో బయటపెట్టాడు, మధ్య స్థానం కోసం రెండు అంకెలు కూడితే పెద్ద అర్రేలో ఆ మొత్తం పొంగిపోతుందని. మీ సీ ల్యాబ్‌లోనూ బైనరీ సెర్చ్ ఉంటుందిగా, అది అలాగే రాయిస్తున్నావేమో చూసుకో. తలుపు తెరిచి ఉంటే సరిపోదు, లోపలికొచ్చి చదివే మనిషి కావాలి, ఆ మనిషికి తీరిక కావాలి. మన లెక్చరర్‌కి వారానికి ఎన్ని పీరియడ్లు వేస్తున్నారో ఆ లెక్క ముందు తేల్చండి.

ఇక మీ హెచ్‌ఓడీ అన్న మాట. సిలబస్ మన చేతిలో లేదు నిజమే, దాన్ని చెప్పే సరుకు మన చేతిలోదే. ఐఐటీ బాంబేలో ఫాసీ అని ఒక ప్రాజెక్టు ఉంది, అందులో టెక్స్ట్‌బుక్ కంపానియన్ అని చేస్తారు. ఏదో ఒక ప్రామాణిక పాఠ్యపుస్తకం తీసుకుని అందులో సాధించి చూపిన లెక్కలన్నిటికీ విద్యార్థి సైలాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాస్తాడు, వాళ్ళు పరిశీలించి, సరిగా లేకపోతే వెనక్కి పంపి, సరైతే అందరికీ అందుబాటులో పెడతారు, రాసినవాడికి సర్టిఫికెట్, కొంత పారితోషికం. సిలబస్ జోలికి పోలేదు, పరీక్ష జోలికి పోలేదు. రాసేది వంద మందికి పనికొచ్చేది, పరీక్షయ్యాక చెత్తబుట్టలో పడేది కాదు. మీరడిగినదానికి దగ్గరగా మన దేశంలో నిలబడ్డది నాకు తెలిసి ఇది. దాని పక్కనే వీడియో పాఠాల స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది, తెలుగులో కూడా పాఠాలున్నాయి, మీ ఫస్టియర్ పిల్లలకి ఇంగ్లీషు భయమైతే అక్కడ మొదలెట్టించు.

ఇంకొక జాగ్రత్త. నోట్స్ బయట పెడుతున్నావు కదా, అందులో పుస్తకాల్లోంచి ఎత్తిన బొమ్మలు, పేజీలు ఎన్నున్నాయో చూసుకో. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపు మీద పెద్ద పబ్లిషర్లు కేసు వేస్తే 2016లో ఢిల్లీ హైకోర్టు షాపు వైపే చెప్పింది, చదువు చెప్పడం కోసం చేసిన కోర్స్ ప్యాక్ అని. కానీ తరగతి వరకు కాపీ తియ్యడం వేరు, లోకం మొత్తానికి ఇంటర్నెట్లో పెట్టడం వేరు. నీ సొంత రాతకి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఏదన్నా పెట్టు, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల ఎన్‌పీటీఈఎల్ వాళ్ళు అలాగే పెట్టారు. లైసెన్స్ పెట్టకపోతే పక్క కాలేజీ వాడు దిద్ది వాడుకునే హక్కు చట్టప్రకారం ఉండదు, మరి నువ్వు కోరుకునేది అదే కదా.

ఒకటి చెప్పి ముగిస్తా. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో నేను చదువుకునే రోజుల్లో ఒక మెకానిక్స్ పుస్తకం కొన్నాను. మార్జిన్లో ఎవరో పెన్సిల్‌తో ‘ఇక్కడ గుర్తు తప్పు, చివరి జవాబు చూడు’ అని రాసి పెట్టారు. చేసి చూస్తే నిజమే. ఆ మనిషి ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. మీ పిల్లకాయలు ఇప్పుడు ప్యాచ్ అంటున్నారే, అది అదే. కాకపోతే ఆ పుస్తకం కొన్నవాడికి ఒక్కడికే చేరింది.

---

సీ_ల్యాబ్_మాస్టారు

పెద్దాయనా, బైనరీ సెర్చ్ చూసుకున్నా. అలాగే రాయిస్తున్నా 🙏

టీచరమ్మ గారూ, ఆ పేరెంట్ సంగతి చివరికి ఏమైంది?

---

లెక్కల_టీచరమ్మ

ఏమవుద్దండీ, హెడ్‌మాస్టారు ఆ పుస్తకమే తెప్పించి ఆయన చేతిలో పెట్టారు. ఆయన పేజీలు తిప్పి తిప్పి వాళ్ళమ్మాయి పేరు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టుకుని, ఏడు చోట్ల ఉంది మాస్టారూ అని చెప్పి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

---

సీ_ల్యాబ్_మాస్టారు

మూడు వారాల తర్వాత అప్‌డేట్. మీరంతా ఇంత చెప్పారు కాబట్టి రాస్తున్నా, లేకపోతే సిగ్గుపడి ఊరుకునేవాణ్ణి.

మొత్తం నోట్స్ పెట్టే ఆలోచన మానుకున్నా. మొదటి పన్నెండు ల్యాబ్ ప్రోగ్రాములు మాత్రం రిపోలో పెట్టా. మార్కులు లేవు, లెక్క లేదు, పేర్లు మాత్రం ఉంటాయి. తెలుగులో రాయొచ్చని బోర్డు మీదే రాశా. ఒక్క మెలిక పెట్టా: వైవాలో ప్రశ్న పుస్తకంలోంచి అడగను, నువ్వు పంపిన మార్పు గానీ నువ్వు రివ్యూ చేసింది గానీ ఉంటే దాన్నుంచే అడుగుతా, లేనివాళ్ళకి మామూలుగా. అరవైలో పదకొండు మంది వచ్చారు. ప్యాచ్_పంపు తమ్ముడు చెప్పినట్టు సెకండియర్ పిల్లలు ఇద్దరిని మెయింటెయినర్లుగా పెడితే, అందులో ఒకమ్మాయి నా ప్యాచ్‌నే వెనక్కి పంపింది, ఎందుకు మార్చారో రాయలేదు సార్ అని. మా స్టాఫ్ రూంలో ఇంకా నన్ను ఏడిపిస్తున్నారు.

బ్యాక్‌బెంచ్ బాబూ నువ్వన్నది కూడా జరిగింది. ఒకడు తనే ఒక సెమికోలన్ తీసేసి, ఇంకొకడితో పట్టించాడు. హిస్టరీలో ఇద్దరి పేర్లూ టైముతో సహా ఉన్నాయి, నాలుగు నిమిషాల తేడా. ఏమీ అనలేదు, చరిత్ర అలాగే ఉంచా. ఇప్పుడు క్లాసులో వాళ్ళ పేరే సెమికోలన్ బ్రదర్స్.

ఇక 45. పిల్లలు రిపోలో మొదటి రోజే దిద్దేశారు, కోనియో పీకేశారు, ‘రిపోర్టెడ్ బై’ దగ్గర ఎవరి పేరు పెట్టాలా అని చర్చ జరిగి చివరికి ‘కరెంటు కోత’ అని పెట్టారు. కానీ షాపులో ఉన్నది దిద్దకపోతే ఏం లాభం అని కొత్త ప్రింట్ తీసుకుని నేనే వెళ్ళా. షాపాయన కళ్ళజోడు పైకెత్తి చూసి ‘మంచిదే సార్, వేస్తా, కానీ పాతవి ఇంకా రెండు వందల సెట్లు బైండ్ చేసి ఉన్నాయి, అవి అయిపోయాక వేస్తా’ అన్నాడు. బతిమాలా, కుదర్లేదు, ఆయన డబ్బు ఆయనది. చివరికి ఒప్పందం ఏంటంటే, ఏ4 కాగితం మీద ఎనిమిది చీటీలు పడేలా ‘మూడో ప్రోగ్రాం: లెస్ దేన్ ఆర్ ఈక్వల్ టు, జవాబు 55, కోనియో తీసెయ్యండి’ అని టైపు చేసి ఇరవై అయిదు షీట్లు తీయించా, జిరాక్స్ ఖర్చు ఆయన పెట్టుకున్నాడు, అతికించే పని మాది. సెమికోలన్ బ్రదర్స్ రేపు నాలుగింటికి కాలేజీ వదిలాక వస్తామన్నారు. గమ్ బాటిల్, కత్తెర నేను తెస్తున్నా.

---

బ్యాక్‌బెంచ్_బెజవాడ

సార్ మీ కాలేజీ ఎక్కడో చెప్పండి, రేపు నాకూ మా రూమ్మేట్‌కీ ఖాళీయే